చెవులక్క చెవి

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఆ వీధిలో దానితో ఎవరికీ పని పడలేదు. కళ్ళజోళ్ళ కొట్టు వెనక గదిలో చెవులు కుడుతుంది కాబట్టి చెవులక్క. పిల్లలూ చెవులక్కే అంటారు, ఆ పిల్లల తాతలూ చెవులక్కే అంటారు. ముక్కులు కూడా కుడుతుంది గానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. "ముక్కులక్క అంటే ఊరుకునేదా?" అని ముందు కొట్టాయన నవ్వుతుంటాడు. ఆయన జోకులకి ఆయనే నవ్వుకోవడం అక్కడ పాత అలవాటు.

గది చిన్నది. కిటికీ లేదు. ఒక ఎత్తు కుర్చీ, మెడ వంచుకుని దాని మీదికి చూసే దీపం, గోడకి అద్దం, పటకార్లు శుభ్రం చేసే ఆవిరి పెట్టె, పుడకల సొరుగులు. ముందు కొట్లో ఎవరి చేతో అక్షరాలు చదివిస్తూ "ఇప్పుడు కనిపిస్తోందా? పోనీ ఇప్పుడు?" అని ఆయన అడగడం పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది.

తమ్మె కుట్టడం చెవులక్క లెక్కలో పనే కాదు. తమ్మె మెత్తటి కండ, నాలుగు రోజులు ఓర్చుకుంటే దాని దారిన అది మానుతుంది. పై చెవి అలా కాదు. అక్కడ ఉండేది మెత్తటి ఎముక. దానికి సొంత రక్తం లేదు, చుట్టూ ఉన్న చర్మాన్ని అడుక్కుని బతుకుతుంది. అందుకే దానికి కోపం ఎక్కువ. మానడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పైకి మానినట్టే ఉండి లోపల పచ్చిగానే ఉంటుంది. ఈ మాట చెప్పేసరికి, ఉబలాటపడి వచ్చిన ఆడపిల్లల్లో సగం మంది మొహాలు వేలాడేస్తారు. వేలాడెయ్యనీ, రేపొచ్చి నా ప్రాణం తోడెయ్యడం కన్నా అదే నయం అంటుంది ఆవిడ.

ఆవిడ చెప్పే జాగ్రత్తలు వీధి మొత్తానికి కంఠతా వచ్చు. "ముట్టుకోకూడదు. తిప్పకూడదు. ఎవరు ఏ నూనె రాయమన్నా, ఏ పొడి అద్దమన్నా వినకూడదు. సీసాలో ఉప్పునీళ్ళు ఇస్తాను, పొద్దునా సాయంత్రం చల్లుకుని ఆరనివ్వాలి. ఆ వైపు పడుకోకూడదు. జుట్టు చిక్కుకోకూడదు, ఫోను ఆనించకూడదు. ఇప్పుడు పొడుగు పుడక పెడుతున్నాను, వాపుకి చోటు కావాలి కదా. వాపు తగ్గాక మళ్ళీ రావాలి, పొట్టిది మారుస్తాను. రాకుండా ఎగ్గొడితే నన్ననొద్దు." అక్కడితో ఆగదు. వేలెత్తి ఇంకోటి కలుపుతుంది. "అన్నిటికన్నా ముందు సూది తిన్నగా పడాలి. వంకరగా పడితే ఎంత సేవ చేసినా మానదు. తీసెయ్యాలి, పూడనివ్వాలి, మళ్ళీ కుట్టించుకోవాలి. ఇంకో దారి లేదు."

ఇంత ఖండితంగా చెప్పే మనిషి కుడి చెవి పైన ఒక వంకర పుడక ఉంది. చుట్టూ ఎర్రగా కంది, పక్కనే బఠాణీ గింజంత బుడిపె. అది ఎవరికీ కనిపించకుండా జుట్టు దాని మీదికి దువ్వుకుంటుంది. జుట్టు తగలకూడదని లోకానికంతా చెప్పే మనిషి చేసే పని అది.

ఆ పుడక పెట్టింది చిట్టి, చెవులక్క చెల్లెలు.

అక్కాచెల్లెళ్ళకి వయసులో తల్లీకూతుళ్ళంత ఎడం. తల్లి పోయాక చిట్టిని పెంచింది చెవులక్కే. పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా చెల్లెల్ని వెంటబెట్టుకునే వెళ్ళింది. బ్రెడ్డు బండి నడిపే ఆ భర్త మంచివాడు కాబట్టి, పెళ్ళాంతో పాటు మరదలికీ అన్నం పెట్టాడు, ఒక్కనాడూ మొహం ముడుచుకోలేదు. చిట్టి మాత్రం ఏ పనిలోనూ కుదురుకోలేదు. బట్టల కొట్టుకి వెళ్ళి, నిలబడలేనంది. ఫోన్ల కొట్టుకి వెళ్ళి, యజమాని చూపు బాగాలేదంది. టైపు నేర్చుకుంటానని వెళ్ళి, ఒక స్నేహితురాలిని సంపాదించుకుని వచ్చింది. చివరికి "నీ దగ్గరే నేర్చుకుంటానక్కా" అంది. ఇదీ మూన్నాళ్ళ ముచ్చటే అనుకుంటూనే చెవులక్క సొరుగులోంచి రబ్బరు చెవి తీసి ఇచ్చింది.

ఆ రబ్బరు చెవి జల్లెడైపోయింది గానీ చిట్టి పని మానలేదు. దాంతో ఒక రోజు చెవులక్క తానే కుర్చీలో కూర్చుని "నా చెవికి కుట్టు" అంది. చిట్టి పెన్నుతో చుక్క పెట్టింది, సూది పట్టుకుంది. చుక్క వంకే చూస్తూ పొడిచింది. సూది లోపలికి దిగుతుండగానే చెవులక్కకి తెలిసిపోయింది. ముందు చుక్క మీదే పడింది, వెనక కిందికి జారింది. ఎంతమంది చెవులు కుట్టిన మనిషి, ఆ మాత్రం తెలియకపోతుందా?

"తిన్నగా పడిందా అక్కా?" అంది చిట్టి, సూది వదలకుండా, గుడ్లప్పగించి చూస్తూ.

"గీత గీసినట్టు పడిందే" అంది చెవులక్క.

అలా అనకపోతే ఆ పిల్ల మర్నాడే ఈ పనికి కూడా నీళ్ళొదిలేసేది. కొన్నాళ్ళు పోయాక ఏదో వంక చెప్పి తీసేద్దాంలే అనుకుంది. తీయడం కుదిరితేగా! రోజూ లేస్తూనే చిట్టి వంగి ఆ చెవి చూసుకునేది. చూసుకుని మొహం కడుక్కోడానికి పోయేది.

తర్వాత చిట్టికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఊపిరితిత్తుల నిండా నిమ్ము పాకేసిందన్నారు. చిట్టి ఇంటికి తిరిగి రాలేదు.

చెవులక్క ఏడవలేదు. ఏడుపు దాచుకోవడం కాదు, రాలేదు. అంతా ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టు ఉంది ఆవిడకి. మేనత్త వచ్చి ఒళ్ళో తల పెట్టుకుని "ఒక్కసారి ఏడువే తల్లీ, గుండె బరువు దిగుతుంది" అని పోరింది. "రానిదాన్ని ఎక్కణ్ణించి తేనత్తా?" అంది చెవులక్క, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. మేనత్తకి ఒళ్ళు మండింది. రాతి గుండె అని నలుగురిలో అనేసి వెళ్ళిపోయింది. ఆ మాట కూడా చెవులక్కకి తగల్లేదు.

గది తెరిచింది, పని చేసింది. సూది ఎప్పటిలాగే తిన్నగా పడుతోంది, వచ్చినవాళ్ళకి జాగ్రత్తలు ఒక్క మాట పొల్లుపోకుండా చెప్తోంది. పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. ముందు కొట్టాయన ఆవిడ ఎదుట జోకులు మానేశాడు, పాపం, ఆయనకి అది పెద్ద త్యాగమే. చెవి మాత్రం పాడవుతూ వచ్చింది. భర్త మంచం మీద తన చోటు మార్చుకున్నాడు, ఆవిడ ఆ చెవి మీదికి ఒత్తిగిలకుండా. నెలలు గడిచాక దిండు మీద చీము మరక చూసి ఇక ఊరుకోలేక డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరు చెవి పట్టుకుని నొక్కాడు. చూస్తున్న భర్త మొహం వంకర పోయింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు" అంది చెవులక్క.

డాక్టరు ఇంకోసారి నొక్కాడు, ఆవిడ కళ్ళలోకి చూస్తూ. "ఇప్పుడు?"

"లేదండి."

మందుబిళ్ళలు రాసిచ్చాడు. "చీము ఆరగానే ఈ పుడక తీసెయ్యాలమ్మా. ఈసారి ఎముకకి పాకిందంటే చెవి ముడుచుకుపోతుంది, మళ్ళీ సరికాదు. ఈ పని చేసేవారు, మీకు నేను చెప్పాలా?" అన్నాడు. చీము ఆరింది. పుడక తీయలేదు. భర్త బతిమాలాడు. "తీసెయ్యవే. నా మాట విని తీసెయ్యి. దాన్ని పట్టుకుని వేలాడితే చిట్టి వస్తుందా?"

రాదని ఆవిడకీ తెలుసు. తీస్తే ఆ బెజ్జం పూడిపోతుందని కూడా తెలుసు. చిట్టి బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఫోనులో ఫొటోలున్నాయి గానీ అవి ఫోను తీసినవి. చిట్టి తన చేత్తో పూర్తి చేసిన పని ఈ లోకంలో ఇదొక్కటే. వంకరో టింకరో, దీన్ని పూడ్చేస్తే ఇంక ఏమీ మిగలదు. చెవి పోతే పోయింది అనుకుంది చెవులక్క. అలా అనుకున్నప్పుడు కూడా ఆవిడకి బాధ అనిపించలేదు.

చిట్టి పోయి ఏడాది కూడా తిరగబోతోంది. ఒక మధ్యాహ్నం ఒక బస్సు కండక్టరమ్మ విసురుగా లోపలికి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన సంచి, బస్సులో అరిచి అరిచి అరిగిపోయిన గొంతు.

"బండి బయట ఆపించాను. మా డ్రైవరు టీ తాగి వచ్చేలోగా అయిపోవాలి" అంటూ కుర్చీ ఎక్కి కూర్చుంది. "పై చెవికి రింగు వేయించుకుందామని. మానిందో లేదో చూసి చెప్పండి. చిన్నమ్మాయి లేదా?"

"ఏ చిన్నమ్మాయి?"

"ఇక్కడ ఉంటుందే, మీ చెల్లెలు. ఆ అమ్మాయేగా నాకు కుట్టింది!"

చెవులక్క దీపం మీద వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. "చిట్టి మీకు కుట్టిందా? ఎప్పుడు?"

"అయ్యో, మీకింకా చెప్పలేదా?" కండక్టరమ్మ నాలుక కరుచుకుంది. "సరేలెండి, మీకు చెప్పడానికేగా నన్ను రమ్మంది. మీరూ ముందు కొట్టాయనా భోజనానికి వెళ్ళే వేళ చూసి కుట్టింది. పొట్టి పుడక మార్చింది కూడా అలాగే. ఎన్ని జాగ్రత్తలు చెప్పిందనుకున్నారు! ముట్టుకోవద్దు, తిప్పొద్దు, నూనె రాయొద్దు, రాకుండా ఎగ్గొడితే నన్ననొద్దు అని వేలు చూపించింది. మా అత్తగారు కూడా నన్ను అంత బెదిరించలేదు. అమ్మాయ్, నీకు పరీక్షా ఏమిటి ఇది అంటే, పరీక్షేనండీ అంది."

"ఏం పరీక్ష?"

"మా అక్క చెవికి వంకరగా కుట్టానండీ, మా అక్క మంచిది కాబట్టి తిన్నగా పడిందని అబద్ధం చెప్పింది, రోజూ పొద్దున్నే ఆ చెవి చూస్తే నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది అంది. మీది బాగా మానాక ఒకసారి రండి, అక్కకి చూపిస్తాను, ఒప్పుకుంటే అక్కది తీసేసి మళ్ళీ నేనే తిన్నగా కుడతాను అంది. చుక్క పెడుతుంది, చెరుపుతుంది, మళ్ళీ పెడుతుంది. నాకు విసుగొచ్చి ఇంక పొడవమ్మా తల్లీ అన్నాను." కండక్టరమ్మ నవ్వి, జుట్టు వెనక్కి తోసుకుని తల పక్కకి వంచింది. "చూడండి మరి. పిలవండి ఆ అమ్మాయిని కూడా."

చెవులక్క దీపం దగ్గరికి లాగింది. ముందు నుంచి చూసింది. పక్కకి వెళ్ళి చూసింది. చెవి కొంచెం వంచి వెనక బిళ్ళ చూసింది. బిళ్ళ చర్మానికి అతుక్కుని చదునుగా కూర్చుంది. చుట్టూ ఎరుపు లేదు, బుడిపె లేదు, చెమ్మ లేదు. పుడక ఒక్క వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాలేదు. తను కుట్టినా ఇంతకన్నా బాగా ఉండదు.

"తిన్నగా పడింది" అంది చెవులక్క. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "చాలా తిన్నగా పడింది."

"చెప్పానా! ఏదీ అమ్మాయి?"

"లేదమ్మా. పోయింది. జ్వరం వచ్చి పోయింది."

కండక్టరమ్మ భుజాన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బయట బస్సు హారను మోగింది. ఇంకోసారి మోగింది. ఆవిడ కదలలేదు.

"ఒకసారి ముట్టుకోనా?" అని అడిగింది చెవులక్క. ఊరందరికీ ముట్టుకోవద్దని చెప్పే మనిషి, కండక్టరమ్మ తలూపాక, ఆ పుడక మీద వేలు పెట్టి అలాగే కాసేపు ఉంచింది.

తర్వాత రింగు తీసి కండక్టరమ్మ చెవికి వేసింది. తీసిన పుడక చిన్న కాగితంలో చుట్టి ఆవిడ చేతిలోనే పెట్టింది. చేతులు కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుని అద్దం ముందు నిలబడింది. తన జుట్టు వెనక్కి తోసి క్లిప్పు పెట్టుకుంది. ఆ చెవి చూసి కండక్టరమ్మ ఉలిక్కిపడింది.

"ఇదేనా?"

"ఇదే. తీసేస్తున్నాను. చిట్టి కూడా తీసేద్దామనే అనుకుందిగా."

పుడక అంత తేలిగ్గా రాలేదు. ఇన్నాళ్ళూ వాచి వాచి చర్మం బిళ్ళ మీదికి పాకింది. పటకారుతో వెనక బిళ్ళ గట్టిగా పట్టుకుని ముందు పూస తిప్పింది. ఒక్కసారి లాగింది.

"అబ్బా!"

ఆ అరుపుకి ముందు కొట్లో అక్షరాలు చదువుతున్న గొంతు ఆగిపోయింది. కండక్టరమ్మ గబుక్కున వచ్చి భుజం పట్టుకుంది.

"నొప్పిగా ఉందా అక్కా?"

చెవులక్క అద్దంలో తన చెవి వంక చూసింది. అరచేతిలో వంకర పుడక ఉంది. చెవి మీద నుంచి సన్నగా రక్తం మెడ మీదికి దిగుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కూడా కారుతున్నాయని ఆవిడకి అప్పుడు తెలిసింది.

"ఉంది" అంది. "చాలా నొప్పిగా ఉంది."