అతను ఉతుక్కున్న బట్టలు

ఆమె లాండ్రీలో మరకలు తీస్తుంది. పదకొండేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. చేరిన రోజే యజమాని ఒక మాట చెప్పాడు: మరక ఎలా పడిందని ఎవర్నీ అడగొద్దు, ఎన్ని రోజులైందో మాత్రం అడుగు.

భర్త లిఫ్టులు బిగించే మెకానిక్కు. పనిమీద నెల రోజులు వేరే ఊళ్లో ఉండి వచ్చాడు. వచ్చిన మర్నాటి నుంచి తన లోబట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు.

చూడ్డానికొచ్చిన ఆడపడుచు మురిసిపోయింది.

"వీడు మా తమ్ముడేనా? మంచినీళ్లు కూడా చేతికందిస్తేగానీ తాగేవాడు కాదు. ఏం మందు పెట్టావే మరదలా?"

"నేనేం పెట్టలేదొదినా."

"అయితే జాగ్రత్త. పక్కింటోళ్లు ఎత్తుకుపోతారు."

ఆమె కూడా నవ్వింది.

బాత్రూంలో గొళ్లెం పెట్టుకుని అతను చాలాసేపు ఉంటున్నాడు. బయటికొచ్చేటప్పుడు పళ్లు బిగబట్టి ఉంటాడు. పక్కమీద గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఇంటికొచ్చిన రోజు రాత్రి మాత్రం ఆమెవైపే తిరిగాడు.

శుక్రవారం లోబట్ట ఒకటి బకెట్లో మరిచిపోయాడు. చీములాంటి పచ్చటి మరక. ఆమె చేతులు వాటి పని అవి చేసేశాయి: చన్నీళ్లు, సబ్బు, బ్రష్షు. గుడ్డ తెల్లబడ్డాక తెలిసొచ్చింది, చూపించి అడగడానికి ఇక ఏమీ మిగల్లేదని.

లాండ్రీలో మొగుళ్ల గురక, తాగుడు, అత్తల పెత్తనం అన్నీ మాటల్లోకొస్తాయి. ఇది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మీ ఆయన ఊళ్లోనే ఉన్నాడుగా, ఏంటక్కా ఆ మొహం?" అంది ఇస్త్రీ చేసే అమ్మాయి.

"నిద్ర లేదే."

అందరూ పకపకా నవ్వారు. ఆమె తల వంచుకుని ఇంకో చొక్కా అందుకుంది.

ఆదివారం పొద్దున అతను గుండీలు పెట్టుకుంటుంటే అడిగింది.

"ఎన్ని రోజులైంది?"

అతని చేతులు ఆగిపోయాయి. "ఏది?"

ఆమె బాత్రూంలో బకెట్ వైపు చూసింది.

"పది రోజులు," అన్నాడు చివరికి. "ఒంట్లో వేడి చేసిందనుకున్నా. అదే తగ్గిపోతుందిలే."

అతను ఇంటికొచ్చి ఎనిమిది రోజులే.

"రేపు ఆసుపత్రికి వెళ్దాం. నేను సెలవు పెడతాను," అంది.

మర్నాడు ఆసుపత్రి కౌంటరులో అతను ఒక్క చీటీ తీసుకున్నాడు. ఆమె ముందుకెళ్లి ఇంకొకటి అడిగింది.

"నీకెందుకు? నీకేం లేదుగా?"

తెలియకే అడిగాడు. తనది ఆమెకూ అంటి ఉండొచ్చన్న ఆలోచన ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా అతనికి రాలేదని అతని మొహం చూస్తే తెలిసింది. కోపం వస్తుందనుకుంది. రాలేదు.

"ఉందో లేదో నాకూ తెలీదు," అంది.

ఆడవాళ్ల బెంచీలో చివర కూర్చుంది. ఎదురు బెంచీలో అతను చీటీని మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు. నర్సు ముందు ఆమె నంబరే పిలిచింది. డాక్టరమ్మ తలెత్తి, "చెప్పమ్మా," అంది. ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. ఆ సంగతి మొదటిసారి ఒక మనిషికి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.