సుబేదార్ గారి పద్యాల అరగంట

సుబేదార్ గారు పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. పొద్దున మెస్సుకి వచ్చిన కూరగాయల తూకం చూసుకుంటుంటే మా తెలుగు సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చింది: "మన సుబేదార్ అంకుల్ ఈ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు." నిమిషం తిరక్కుండా దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరస కట్టాయి. నేనూ ఒకటి పెట్టాను. ఆయనకి చెప్పాల్సిన ఒక మాట రెండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక దాన్ని ఏం చేసుకోవాలో తెలియక చాలాసేపు అలాగే నిలబడ్డాను. టమాటాల అతను "భయ్యా, తౌల్ లియా?" అంటూ తూకం అయిందేమో రెండుసార్లు అడిగాడు.

ఆయన ఫౌజులో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి, రిటైరయ్యాక భార్యతో, అంటే మా ఆంటీతో, ఈ దేశ రాజధానిలో ద్వారక అనే పేటలో స్థిరపడ్డారు. నేను పదో తరగతితో చదువాపి, లక్ష్మీ నగర్‌లో ఒక హాస్టల్ మెస్సు సామాను చూసుకుంటాను. మా ఇద్దర్నీ కలిపింది ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మా సంఘం అద్దెకు తీసుకునే హాలు. పొద్దున అక్కడ హిందీవాళ్ళ ఆరాధన, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళది, మూడు గంటలకి మాది. ఆరాధన అయ్యాక టీ. టీ తర్వాత హాలు తాళం వేసేలోపు ఒక అరగంట మిగిలేది. ఆ అరగంటని సుబేదార్ గారు పాస్టర్ గారి దగ్గర అడిగి తీసుకున్నారు.

ఆ అరగంటలో రెండే చదివేవారు. ఒకటి పాత పద్యం. రెండోది మా వాళ్ళలో ఎవరో ఒకరు రాసుకొచ్చిన కవిత. రెంటినీ ఒకే గొంతుతో, ఒకే మర్యాదతో చదివేవారు. మధ్యలో ఎవరి ఫోనైనా మోగినా, కుర్చీ కిర్రుమన్నా ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవారు. "పద్యమేమన్నా బస్సా, నడిమధ్యలో ఎక్కడానికి?" అనేవారు. చదవడం అయ్యాక కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవారు. "చెప్పండి. ఇందులో మోకాళ్ళు ఎక్కడ వంగాయి?"

మొదట్లో ఆ ప్రశ్న ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి ఆయనే విప్పి చెప్పారు. "ప్రార్థనకి కూర్చుంటాం. నోరు ముందు మాట్లాడేస్తుంది. మనిషి ఇంకా నిటారుగానే ఉంటాడు. ఎక్కడో ఒక మాట దగ్గర బింకం పోతుంది. అసలు ప్రార్థన అక్కడ మొదలవుతుంది. కవితైనా అంతే. ఆ చోటు వెతకండి."

మా సంఘంలో ఒక నర్సు సిస్టర్ ఉంది. నీళ్ళ ట్యాంకరు మీద ఆరు లైన్లు రాసుకొచ్చి, ఇవ్వాలా వద్దా అని కాగితం మడిచీ విప్పీ నలిపేసింది. ట్యాంకరు దగ్గర తన బిందె నిండిందని, అప్పుడే పైపు ఆగిపోయిందని, వెనకావిడ ఖాళీ బిందె చూసి తనకి సిగ్గేసిందని రాసింది. అంతే. సుబేదార్ గారు చదివి కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టారు. "ఆ సిగ్గు ఉంది చూశారూ, అక్కడ వంగాయమ్మా" అన్నారు. సిస్టర్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అదే గొంతుతో ఇంకొకాయన్ని ఆటపట్టించారు కూడా. "బ్రదర్, ఇందులో ప్రభువుని పదిహేనుసార్లు పిలిచారు. ఆయనొస్తే కూర్చోడానికి ఒక్క కుర్చీ అయినా వెయ్యలేదేంటండీ?" హాలంతా నవ్వింది. రాసినాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

నా కవిత కూడా ఒకటి చదివారు. మా అమ్మ పోయినప్పుడు రైలు అందక, సమాధి అయ్యాక ఊరికి చేరడం గురించి రాశాను. అందరూ వెళ్ళాక నన్ను పక్కకి పిలిచారు. "బాగుందయ్యా. తప్పుల్లేవు. మోకాళ్ళు మాత్రం వంగలేదు. నిలబడే ఏడ్చావు. ఇంకోసారి రాయి." నేను సరేనన్నాను. మళ్ళీ రాయలేదు.

ఆయనకి ప్రాణమైన పాత పద్యం ఒకటుంది. ఎవరు రాశారో ఆయనకీ తెలియదు. చిన్నప్పుడు బళ్ళో పంతులు గారి నోట విన్నదట. అందులో ఒక భక్తుడు తన దేవుడి వాకిట్లో నిలబడి దెబ్బలాడతాడు. పిలిచి పిలిచి గొంతు పోయిందంటాడు. లోపల దీపం వెలుగుతున్నా తలుపు తీయవేమని నిలదీస్తాడు. ఇంత రాయివని తెలిస్తే వచ్చేవాణ్ణే కాదంటాడు. మూడు పాదాలూ అవే. నాలుగో పాదంలో, వెళ్ళిపోతానన్న మనిషి ఆ గడప మీదే కూలబడి, "తెరిచినప్పుడే తెరువు" అంటాడు, నీకు తోచినప్పుడే తీయి, అందాకా ఇక్కడే ఉంటానన్నట్టు. అది చదివేటప్పుడు సుబేదార్ గారి గొంతు ఒక మెట్టు దిగేది. సరిహద్దులో మంచులో కూర్చుని తానూ దేవుడితో మూడు పాదాలు దెబ్బలాడానని, నాలుగోది ఈ పద్యమే అందించిందని చెప్పేవారు. నాకు ప్రార్థన చేయడం ప్రసంగాల వల్ల పట్టుబడలేదు. ఆ పద్యం విన్న తర్వాతే పట్టుబడింది.

ఆ పద్యం మొదటి పాదంలో ఆ భక్తుడి దేవుడి పేరు ఉంది. గొడవ అక్కడ వచ్చింది.

సంఘంలోకి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు, సర్కారు ఆఫీసులో గుమాస్తా, ఒక ఆదివారం లేచి నిలబడ్డాడు. "అంకుల్, ఆ పేరు వదిలి రావడానికి నేను ఇల్లు వదిలాను. మా నాన్న నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. ఆరాధన చేసే చోట మళ్ళీ అదే వినమంటారా?" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అన్నాడు.

సుబేదార్ గారు పద్యాలు రాసుకున్న తన పుస్తకం మూసేశారు. "అతను తలుపు తట్టిన పద్ధతి వినమన్నాను, నాయనా. ఏ తలుపో దేవుడు చూసుకుంటాడు అనుకున్నాను. నీ నొప్పి నాకు తట్టలేదు" అన్నారు.

వారం తిరక్కుండా కమిటీ కూర్చుంది. ఆయన కమిటీలో లేరు. రోజూ లెక్కలు రాసుకునే అలవాటున్నవాణ్ణని కార్యదర్శి పని నాకిచ్చారు. మీటింగుల్లో జరిగింది రాయడం నా వంతు. పద్యాల అరగంట ఆపేయాలన్నారు. ఆ తమ్ముడి బాధ అబద్ధం కాదు. పద్యమూ తప్పు కాదు. హాల్లో వద్దనుకుంటే మరో చోట చదువుకోవచ్చు. లక్ష్మీ నగర్‌లో నా గది ఉంది. మంచం నిలబెడితే ఎనిమిది మంది పడతారు. "మా గదిలో పెట్టుకుందాం" అంటే సరిపోయేది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. మూడంతస్తుల ఇరుకు మెట్లు, ఉమ్మడి బాత్రూము, గోడ మీద తడి మరక, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

పాస్టర్ గారు అడిగారు: "బ్రదర్, మీరేమంటారు?"

"అందరూ ఎలా అంటే అలా అండి."

పుస్తకంలో "ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది" అని రాశాను.

తర్వాతి ఆదివారం ఆ పేజీ ఆయనకి చూపించాల్సింది నేనే. కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఏకగ్రీవమా?" అన్నారు.

"అవునండి."

"సరే" అన్నారు. పుస్తకం నా చేతికిచ్చి, టీ చల్లారిపోతోందని చెప్పి పంపేశారు.

ఆ తర్వాత కూడా ఒక్క ఆదివారం మానలేదు. వెనక బెంచీలో కూర్చునేవారు. టీ తాగి, అందరికీ వందనాలు చెప్పి, ఆంటీ చెయ్యి పట్టుకుని మెట్రోకి వెళ్ళిపోయేవారు. నాది ఇటు ప్లాట్‌ఫారం, వాళ్ళది పట్టాలకి అవతలిది. చాలాసార్లు వాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉండటం చూశాను. రైలు వచ్చేది, పోయేది. వాళ్ళు లేచేవాళ్ళు కాదు. పాపం, ఆయనకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువైనట్టున్నాయి అనుకున్నాను. మెట్లు దిగి అటు ఎక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. రెండేళ్ళలో ఆ నాలుగు నిమిషాలు నాకు దొరకలేదు.

భూస్థాపన రోజు పెట్టె ముందు భుజం పట్టింది ఆ తమ్ముడే. "ఆయన నన్నొక్క మాట అనలేదన్నా. మా నాన్నకి నా చేత ఉత్తరం రాయించారు" అన్నాడు.

మొన్న ఆదివారం హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అందరూ తలా రెండు మాటలు చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు "మంచి మనిషి" అని కూర్చున్నాను. అయ్యాక ఆంటీని మెట్రో దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. మొదటిసారి వాళ్ళ ప్లాట్‌ఫారం మీదికి ఎక్కాను. ఆవిడ నేరుగా ఆ బెంచీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. రైలొచ్చింది. లేవలేదు.

"ఆంటీ, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా?"

"నాకెందుకు నొప్పులు బాబూ? ఆయనకీ లేవు. అరగంట ఆగిపోయాక ఇక్కడే చదివేవారుగా. ఒక పాతది, ఒక మనవాళ్ళది. రైలు చప్పుడొస్తే ఆగి, మళ్ళీ మొదటినుంచి. ఒకరోజు గార్డు వచ్చి 'అంకుల్‌జీ, జానా నహీ హై క్యా?' అంటూ, వెళ్ళరా అని అడిగితే, 'ఏక్ లైన్ బాకీ హై, భయ్యా' అన్నారు." ఆవిడ నవ్వింది. "మీ అమ్మగారి మీద నువ్వు రాసిన కవిత కూడా చదివారు ఇక్కడ. రెండు మూడుసార్లు."

అప్పుడు చెప్పాను. "ఆంటీ, ఆ రోజు ఏకగ్రీవం కాదండీ. నాకు ఇష్టం లేదు. మా గదిలో పెట్టుకుందామని అందామనుకున్నాను. అనలేదు."

"ఆయనకి తెలుసు" అంది ఆవిడ. "ఆ మాట దగ్గర నీ చేతిరాత చిన్నదైపోయిందన్నారు. వాడే వచ్చి చెప్తాడులే అన్నారు."

అవతలి ప్లాట్‌ఫారం కేసి చూశాను. నేను ప్రతి ఆదివారం నిలబడే చోట ఎవరో కోచింగ్ పిల్ల బ్యాగు మీద కూర్చుని చదువుకుంటోంది. ఇక్కణ్ణించి అంతా స్పష్టంగా కనిపిస్తోంది. నేను చూస్తూ నిలబడటం ఆయనకీ కనిపించే ఉంటుంది.

"నీకు ఆ పద్యం వచ్చుగా బాబూ? చదువు" అంది ఆంటీ.

నలుగురిలో నేనెప్పుడూ పైకి చదివినవాణ్ణి కాదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మొదటి పాదం అయింది. రెండోది అయింది. మూడో పాదం చివరికి వస్తుండగా ద్వారక రైలు వచ్చి నా గొంతుని ముంచేసింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగారు, ఎక్కారు. నేను ఆంటీ చెయ్యి అందుకోబోయాను.

ఆవిడ కదల్లేదు. చీర కొంగు భుజం మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుంది.

"అది పోనీ" అంది. "మళ్ళీ మొదటినుంచి."