సున్నా ఎటువైపు

జూన్‌లో కాలేజీ తెరవగానే నేను మొదట చెప్పాల్సిన పాఠం ఫంక్షన్స్. అందులో మాడ్ ఎక్స్, అంటే సున్నా నుంచి ఎక్స్ ఉన్న దూరం, వచ్చిందంటే చాలు, నాకు అక్క మీద బెంగ మొదలవుతుంది. అక్క అంటే మా పెదనాన్న కూతురు. నాకు లెక్కలు నేర్పింది తనే, అదీ మా మామిడితోటలో.

అప్పుడు తోట ఒకటే. మధ్యలో ఉన్న చిన్నరసం చెట్టు సున్నా అంది అక్క. చాట్రాయి రోడ్డు వైపు చెట్లు ప్లస్సు, కాలవ వైపువి మైనస్సు. నన్ను కాలవ వైపు మూడో చెట్టు దగ్గర నిలబెట్టి, "సున్నాకి ఎంత దూరంలో ఉన్నావే?" అంది.

"మైనస్ మూడు!" అని గర్వంగా అరిచాను.

"దూరం మైనస్‌లో ఉంటుందటే, మొద్దూ! ఎక్స్ అటుంటే ఎక్స్ అనే రాయి. ఇటుంటే ముందు ఇంకో మైనస్ పెట్టు, ప్లస్ అయిపోద్ది."

ఎక్స్‌కి అటూ ఇటూ ఉండే మాడ్ గీతలు తీసేసి, ప్లస్‌కొకటి మైనస్‌కొకటి రెండు వరుసలుగా రాయడం నాకు అలా వచ్చింది. ఆ వేసవంతా తోటలో మా ఇద్దరిదే రాజ్యం.

తర్వాత నాన్న, పెదనాన్న తోట పంచుకున్నారు. కంచె సరిగ్గా ఆ చెట్టు దగ్గరికే వచ్చింది. మాదంటే మాదని ఇద్దరూ భీష్మించుకున్నారు. పెద్దమనుషులు విసిగిపోయి, అయితే ఎవరూ కోయొద్దన్నారు. ఏం తీర్పో అది! విరగకాసిన చెట్టు కింద కాయలు కుళ్ళిపోవడం ఏటా చూస్తున్నాను. పంతం వాళ్ళది, మాటలు పోయింది మాకు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. అక్క ఉండేది దగ్గర్లోని బాపులపాడులోనే అయినా, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇద్దరం తలలు తిప్పుకుంటాం.

మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, "మేడం, సున్నాని ఏ వరుసలో రాయాలండీ?" అని అడిగింది.

"ఎందులో రాసినా జవాబు ఒకటేనమ్మా. రెండిట్లోనూ వదిలేస్తేనే తప్పు," అన్నాను.

అన్నాక సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ సాయంత్రం చెట్టు కింద నిలబడి అక్కకి ఫోన్ చేశాను. ఎత్తాక "అక్కా, నేనే" అన్నాను.

అక్క మెల్లగా అడిగింది.

"ఏంటే, మన చెట్టుకి ఇంకా కాయలున్నాయా?"