ఎదురింటి ఆకాశం

మా ఇంట్లోకంటే ఎదురింట్లో ఆకాశం శుభ్రంగా ఉండేది. ఈ మాట అంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఎదురింటావిడ దగ్గరున్న వీఆర్ హెడ్‌సెట్, నా దగ్గరున్న వీఆర్ హెడ్‌సెట్, రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి. కళ్ళకు తగిలించుకుని విమానం నడిపే గేమ్ ఆడితే కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. తల పక్కకు తిప్పితే రెక్క కనిపిస్తుంది, కిందికి చూస్తే ఊళ్ళు కనిపిస్తాయి. ఆమెకు ఎదురుగా ఉన్న గడియారాల్లాంటి మీటర్ల మీద అంకెలు కూడా కనిపించేవి. నాకు అక్కడ మీటర్లు ఉన్నాయన్న సంగతి మాత్రం తెలిసేది.

అవి సాఫ్ట్‌వేర్ మంచి జోరు మీదున్న రోజులు. కంపెనీ మారితే చాలు, జీతం పెరిగేది. చేవెళ్ల రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ చూసినా ప్లాట్ల వెంచర్ల జెండాలే. నేను చేవెళ్లలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కోమట్ల ఇంటి పిల్లను. చదువుకుని, ఉద్యోగంలో చేరి, మొయినాబాద్‌లో ఇల్లు కొన్నాం. ఎదురింటావిడది కోస్తా. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం తొంభైల్లోనే హైదరాబాద్ వచ్చేశాడట. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే, ఇద్దరికీ విమానాల పిచ్చే. ఇలాంటి ఇద్దరికి స్నేహం కుదరాలి. కుదిరింది కూడా, పైపైన.

ముందు కొన్నది ఆమే. కొన్న రోజే పిలిచి నా కళ్ళకు పెట్టింది. శంషాబాద్ రన్‌వే మీద తెల్ల గీతలు, దూరంగా టవర్, చేతి పక్కన మీటల మీద రాసిన చిన్న చిన్న అక్షరాలు అన్నీ కనిపించాయి. బాగుందండీ అని నవ్వుతూ ఇంటికొచ్చి, ఆ రాత్రికి రాత్రే అదే మోడల్ ఆర్డర్ పెట్టేశాను. అది వచ్చాక చూస్తే, స్నానాల గదిలో ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంది. అదే రన్‌వే, అదే విమానం. ఎత్తు చూపే ముల్లు ఎక్కడుందో వెతుక్కునేలోపు నేల తగిలేది.

ఇక చూడండి నా అవస్థ. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చాను. రెండు కళ్ళ మధ్య దూరం సరిచేసే మీటను అటూ ఇటూ జరిపి జరిపి అరగదీశాను. నా కళ్ళజోడే అడ్డమేమోనని మెహదీపట్నం వెళ్ళి, హెడ్‌సెట్ లోపల బిగించుకునేలా పవర్ అద్దాలు చేయించుకొచ్చాను. మసక మాత్రం అలాగే ఉంది. గేటు దగ్గర కనిపించిన ప్రతిసారీ ఆమె అడిగేది, ఇప్పుడు క్లియర్‌గా ఉందాండీ అని. సూపర్‌గా ఉందని చెప్పేదాన్ని. చెప్పి లోపలికొచ్చి తలుపు గట్టిగా వేసేదాన్ని.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. మా నాన్నను బాపు అంటాం, ఆయన విషయంలో మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఆదివారం దుకాణంలో అమ్మ కూర్చునేది, బాపుకు సెలవు. చేవెళ్లలో బస్సెక్కి, మొయినాబాద్‌లో దిగి, షేర్ ఆటోలో మా ఇంటికి వచ్చేవాడు. బాపు ఎప్పుడూ విమానం ఎక్కలేదు. నేను హెడ్‌సెట్ కొన్నానని తెలిసిన రోజు ఆయన అడిగింది ఒక్కటే, పైనుంచి మన దుకాణం కనవడతదా బిడ్డా అని. నేను చూపిస్తాను బాపూ అన్నాను. ఆ మాట నేను ఇచ్చాను, ఇంకెవరో కాదు.

ఆ ఆదివారం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌సెట్ పెట్టి, నేను విమానం లేపాను. కాసేపటికి ఆయన నెమ్మదిగా, మొత్తం మబ్బు పట్టినట్టున్నదే అన్నాడు. ఉండు బాపూ అని సెట్టింగులు మార్చాను. మళ్ళీ లేపాను, మళ్ళీ మార్చాను. ఆయన సెలూన్‌లో కూర్చున్నట్టు మెడ నిటారుగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి, పోనీలే బిడ్డా, వచ్చే వారం చూస్తం అని తనే తీసేశాడు.

వచ్చే వారం ఆయన చూశాడు, ఎదురింట్లో. గేటు దగ్గర ఆమె పలకరించిందట, బాబాయ్ గారూ ఒకసారి రండి అందట, ఈయన వెళ్ళాడట. తిరిగొచ్చిన మనిషి ముఖం వెలిగిపోతోంది.

“అద్దం లెక్క ఉన్నది బిడ్డా. శంకర్‌పల్లి రైలు పట్టాలు సుత కనవడ్డయి.”

పైకి మాత్రం నవ్వి, అట్లనా బాపూ అన్నాను.

అక్కడినుంచి అదే అలవాటైంది. మా ఇంట్లో భోజనం, ఎదురింట్లో ఆకాశం. చెయ్యి కడుక్కోగానే, జర పోయొస్త బిడ్డా అని చెప్పులు వేసుకునేవాడు. ఆయన్ని కట్టిపడేద్దామని ఒకవారం బగారా అన్నం, ఇంకో వారం బూరెలు చేశాను. అన్నీ మెచ్చుకుని, తృప్తిగా తిని, వెళ్ళిపోయేవాడు. వచ్చాక శంకర్‌పల్లి పక్కనున్న ప్రొద్దుటూరు తోటలెలా ఉన్నాయో, వికారాబాద్ గుట్టలెలా ఉన్నాయో చెప్పేవాడు. వాళ్ళ కిటికీలోంచి ఆయన నవ్వు వినిపించేది. అంత పెద్ద నవ్వు మా ఇంట్లో ఆయన ఎప్పుడూ నవ్వలేదు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని, ఆ నవ్వు వినపడకుండా.

ఆ రోజుల్లో ఆమె ఏమన్నా నాకు దెప్పినట్టే ఉండేది. ఓసారి నా కారెక్కి, సీట్లకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదేంటండీ అంది. ఓర్వలేకే అంటోంది అనుకున్నాను. మా ఇళ్ళల్లో కొత్త వస్తువు కవరు తీయరు. బాపు దుకాణంలో కవరు చిరిగిన గిన్నెను పాతదంటూ బేరమాడతారు, అందుకని ఇంట్లో కూడా ఆయన దేని కవరూ తీయనిచ్చేవాడు కాదు. టీవీ రిమోట్, ఫ్రిజ్ తలుపు, కారు సీట్లు, అన్నీ ప్లాస్టిక్‌లోనే. దాన్ని మేము జాగ్రత్త అంటాం.

ఒక ఆదివారం ఆమె కంప్యూటర్ చెడిపోయింది. బాపు ఊరుకోకుండా, మనింట్ల లేదా ఏంది అని ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. వద్దనే వీలు లేకుండా ఇద్దరూ నా గదిలోకి వచ్చేశారు. ఆమె నా హెడ్‌సెట్ పెట్టుకుంది. తీసి, వెలుతురు వైపు తిప్పి చూసింది. నేను మెహదీపట్నంలో చేయించిన పవర్ అద్దాలు ఊడదీసింది. లోపలి అద్దం అంచున గోటితో గీకింది.

“ఏవండీ, దీని మీద ప్లాస్టిక్ తీయలేదా మీరు?”

అది అక్కడ ఉందని నాకు తెలియక కాదు. మొదటి రోజే చూశాను. ఓ మూల కాస్త లేచి ఉంటే వేలితో నొక్కి మళ్ళీ అంటించాను కూడా. ఫోన్ అద్దానికి వేయించుకున్నట్టు ఇది కంపెనీవాళ్ళే వేసిచ్చారు, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. దాని మీదే పవర్ అద్దాలు బిగించాను.

ఆమె నవ్వింది. ఆపుకోవాలని చూసింది గానీ, వల్ల కాలేదు. నా ఒంటికి కారం రాసినట్టయింది. బాపు మాత్రం గర్వంగా, గీతలు వడకుంట మంచిగ పెట్టుకున్నది నా బిడ్డ అన్నాడు. ఆమె ఒలిచిన రెండు ప్లాస్టిక్ ముక్కల్నీ జాగ్రత్తగా అందుకుని, మళ్ళీ అంటించొచ్చని జేబులో పెట్టుకున్నాడు.

ఆమె వెళ్ళాక, కళ్ళజోడు మీదే హెడ్‌సెట్ నేను పెట్టుకున్నాను. ముల్లు కనిపించింది. ముల్లు కింద అంకె కనిపించింది. కోపంలో కూడా ఏడుపొచ్చేంత స్పష్టంగా ఉంది. వెంటనే బాపును కూర్చోబెట్టి, విమానం లేపి, నేరుగా చేవెళ్ల మీదికి తీసుకెళ్ళాను. మా దుకాణం ఉన్నచోట ఒక చదును డబ్బా లాంటిది ఉందంతే. పక్కనున్న నీళ్ళ ట్యాంకును బట్టి ఆయన దాన్ని గుర్తుపట్టాడు. ఇదే, ఇదే అని వేలు గాల్లోకి చాపాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఇక ఎదురింటితో పని లేదనుకున్నాను.

తర్వాతి ఆదివారం భోజనమయ్యింది. బాపు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు.

“మనది సుత క్లియర్ అయింది కద బాపూ. ఇంక ఆడికెందుకు?”

ఆయన ఒక చెప్పు వేసుకుని ఆగాడు. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూస్తున్నట్టున్నాడు.

“ఆడ నేను నడుపుత బిడ్డా. ఈడ నువ్వు నడుపుతవు.”

కోపమంతా ఎటు పోయిందో. ఆమె ఆయన చేతికి విమానం ఇచ్చింది. ఎన్ని ఆదివారాలో ఇచ్చింది. ఆయన శంకర్‌పల్లికీ వికారాబాద్‌కీ తనే వెళ్ళొచ్చాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి, తల ఎటు తిప్పాలో కూడా నేనే చెప్పాను.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. హెడ్‌సెట్ పెట్టి, విమానం నడిపే కర్ర ఆయన గుప్పిట్లో పెట్టాను. శంషాబాద్‌లో లేచింది, ఊగింది, ఒకవైపు వాలింది. నా చెయ్యి రెండుసార్లు కర్ర దాకా పోయింది. లాక్కుని తొడ కింద పెట్టుకున్నాను. విమానం వెళ్ళి వెళ్ళి హిమాయత్‌సాగర్ నీళ్ళల్లో పడింది.

బాపు నవ్వాడు. ఇన్నాళ్ళూ ఎదురింటి కిటికీలోంచి విన్న నవ్వు అది, నా గదిలో.

తలెత్తి బయటికి చూస్తే, ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి మా ఇంటివైపే చూస్తోంది. ఆయన వచ్చే వేళ దాటిపోయింది మరి. లేచి వెళ్ళి, కిటికీ రెక్క రెండోది కూడా తెరిచాను, ఆ నవ్వు ఆమెకూ బాగా వినపడాలని.