బదులు పాలు

షాద్‌నగర్ నుంచి వస్తున్న బస్సులో నా పక్కన పాలక్యానుతో ఒకామె కూర్చుంది.

"మా బర్రె వట్టిపోయింది సారూ. చెల్లె దగ్గర పాలు బదులు తెచ్చి పోస్తున్న. ఆపితే గిరాకీ ఇంకో ఇంటికి పోతది."

మా కంపెనీదీ అదే కథ అన్నాను. లాభాలు లేవని డివిడెండ్ ఆపితే వాటాదారులు షేర్లు అమ్ముకుంటారని, బ్యాంకు అప్పు తెచ్చి పంచమని నేను రాసిన నివేదిక ఒళ్లోనే ఉంది.

"నాది సూడిది. రెండు నెలల్ల ఈనుతది, బదులు తీరుస్త. మరి మీది?"

శంషాబాద్‌లో దిగి ఆఫీసుకు వెళ్లాను. నివేదిక మార్చకుండానే ఇచ్చాను; కంపెనీ అప్పు తెచ్చి పంచింది.

రెండేళ్లకు, అప్పు తీరేదాకా డివిడెండ్ ఇవ్వొద్దని బ్యాంకు ఉత్తరం వచ్చింది. చదివి ఫైల్లో పెట్టాను. ఏమీ అనిపించలేదు. ఆమె బర్రె మాత్రం ఎప్పుడో ఈని ఉంటుంది.