మిరప చేలో నేను కనిపెట్టిన జింకలు

పశువైద్యంలో పీజీ పట్టా రావలసిన ఏడాది నేను పెంటికల పాలై పరువు పోగొట్టుకున్న కథ ఇది. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకే నవ్వే ఓపిక లేదు.

గొర్రెలకు వచ్చే పారుడు రోగం జింకలకు సోకితే వాటి మందలు ఏమవుతాయన్నది నా పరిశోధన. జింకను పట్టుకోనివ్వరు కాబట్టి అది వేసిన పెంటికలే దిక్కు. అద్దంకి చుట్టూ చేలల్లో రెండు నెలలు నడిచాను. నెత్తిన ఎండ, చెప్పుల్లో పల్లేరుకాయలు, సంచిలో గుప్పెడు పెంటికలు. నెలాఖరుకు సంచులు నిండకపోతే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటావని మా గైడు మేడం తేల్చేశారు. ఆ మాటకే నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

ఆ వారంలోనే ఒక పొద్దున, మిరప మోళ్లు పీకేసిన చేలో నేలంతా పెంటికలే, మిరియాలు ఆరబోసినట్టు. మాది నల్లపాడు, పట్నంలో కలిసిపోయిన పేట. ఎరువంటే నాకు తెలిసింది కుండీలకు వేసే ప్యాకెట్టు ఒక్కటే. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ సంచులు నింపాను. చుట్టూ పాతిన గుంజలు, వల కనిపించలేదా అని అడక్కండి. కనిపించాయి. జింకలు రాకుండా రైతు వేసిన కంచె అనుకున్నాను. మరి అవి లోపలికెలా వచ్చాయన్న ఆలోచన మాత్రం రాలేదు.

ల్యాబులో చూస్తే సగానికి పైగా రోగమే. జింకలకు పెద్ద ముప్పొచ్చిందని మేడం ఒంగోలు నుంచి అటవీ అధికారుల్ని రప్పించారు. మర్నాడు అందరం ఆ చేలో దిగాం, ముందు పెళ్లికూతురిలా నేను. గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్న పెద్దాయన, పేరు కోటయ్య, ఏం పోయిందని అడిగాడు.

"జింకల మంద ఇక్కడ పడుకుంది. దాని కోసం వెతుకుతున్నాం," అన్నాను.

"జింకలేందమ్మా? రైతు ఎరువు కోసం మంద కట్టమంటే, పది రాత్రులు నా గొర్రెల్నే ఇక్కడ పడుకోబెట్టా."

అధికారులు జీపు వైపు చూశారు. మేడం నా వైపు చూశారు. నేను నేల వైపు చూస్తే అక్కడా పెంటికలే.

కోటయ్య మాత్రం నవ్వలేదు. "అయితే ఆ రోగం నా జీవాలకా?" అంటూ తల పట్టుకున్నాడు. నాలుగు పారుకుంటుంటే కొత్త మేత పడలేదనుకున్నాడట. నా సిగ్గు కాస్తా భయమైపోయింది. మేడం ఆ పూటే మందులూ టీకాలూ తెప్పించారు. జబ్బు పడ్డవాటిని విడిగా కట్టి, మిగతావాటికి సూదులు వేస్తూ నాలుగు రోజులు గొర్రెల కాళ్లు పట్టుకున్నాను. రెండు పోయాయి. మంద నిలబడింది.

చివరి రోజు కోటయ్య నన్ను జాలిగా చూశాడు.

"జింకలు కావాలని ముందే అడగకపోయావా డాక్టరమ్మా? రోజూ తెల్లారేసరికి నా గొర్రెల్లో కలిసి మేస్తాయి."

రెండు నెలలూ రోజూ ఆయన్ని దాటుకునే వెళ్లాను. పలకరిస్తే టైము వృథా అనుకున్నాను. ఆ తెలివికి నా పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోయింది.

కాబట్టి చదువుల తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ చేలోనైనా సరే, నేల మీదికి వంగే ముందు గట్టు మీది మనిషిని పలకరిస్తాను.