ఖాళీ అట్టలు

మా ఊళ్లో ఐరన్ బిళ్లలు పంచేది నేనే. పంచడంతో ఊరుకోకుండా, మింగించే బాధ్యత కూడా నాదే అనుకునేదాన్ని. దొనకొండ మండలంలో ఆశా వర్కర్లందరిలో నోరు పెద్దది నాదే. ఖాళీ అట్ట చూపిస్తేనే కొత్త అట్ట ఇచ్చేదాన్ని. ఎవరైనా "వికారంగా ఉంటది వదినా" అన్నారా, వాకిట్లో నిలబెట్టి కడిగి పారేసేదాన్ని.

మా చెల్లెల్ని కూడా మా ఊళ్లోనే ఇచ్చారు. మిరప కోతలకు కూలికి పోయేది. పుట్టినప్పటి నుంచి దాని చేతుల మీద, వీపు మీద మెత్తటి నీలం బొడిపెలు. నొక్కితే అణిగి మళ్లీ లేచేవి. పుట్టుమచ్చల్లాంటివేలే అని వదిలేశాం. ఆ ఏడు మనిషి పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. పరీక్ష చేస్తే రక్తం బాగా తక్కువని తేలింది. బిళ్లలు ఇచ్చాను.

కొన్ని వారాలకు వచ్చి, "అక్కా, దొడ్డికి నల్లగా పోతా ఉంది, తారు మాదిరి" అంది.

"ఐరన్ బిళ్లలకు అట్లనే పోతాదిలే. ఏందే, మానేద్దామనా?" అని కళ్లెర్రజేశాను.

"లేదక్కా, రోజూ మింగుతానే ఉండా" అంటూ ఖాళీ అట్టలు చూపించింది. నా మాట వింటోందని మురిసిపోయాను.

నాలుగు నెలల తర్వాత చేలో పడిపోయింది. గుంటూరు తీసుకెళ్తే ముందు రక్తం ఎక్కించారు. "మోషన్ నల్లగా వస్తోందామ్మా?" అని డాక్టరు దాన్ని అడిగితే, జవాబు నేను చెప్పాను. "అది బిళ్లల వల్ల సార్."

మంచం మీద నుంచి చెల్లెలు సన్నగా అంది: "నేను మింగలేదక్కా. మొదటి వారమే మానేసినా. పొద్దున్నే వాంతులయ్యి కోతకు వంగలేకపోయినా. బిళ్లలు పేడదిబ్బలో పడేసి అట్టలు చూపించినా. నువ్వు అరుస్తావని."

కెమెరా గొట్టం వేసి చూస్తే, చర్మం మీద ఉన్నటువంటి బొడిపెలే పేగుల్లోనూ ఉన్నాయి. చాలా అరుదైన జబ్బట. వాటి నుంచి చుక్క చుక్కగా రక్తం కారిపోతోంది, ఆ రక్తమే నల్లగా పోతోందట. మింగడం లేదని ఆ రోజే చెప్పి ఉంటే, మరి ఈ నలుపు ఎక్కడిదని నాకే అనుమానం వచ్చేది. దాన్ని చెప్పనివ్వంది నా నోరే. ఎంత ఏడ్చినా ఆ నాలుగు నెలలు వెనక్కి రావు.

చెల్లెలు బతికింది. కొన్ని నెలలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. ఇప్పుడు నేను ఎవరి మీదా గొంతెత్తను. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి "ఎట్లుందే?" అంటాను. "బాగుండానులే అక్కా" అంటుంది, నా ముఖం చూడకుండా. నమ్మలేక, గడప దగ్గర కూర్చోబెట్టి కంటి కింది రెప్ప లాగి చూస్తాను. తెల్లగా పాలిపోయి ఉన్న రోజు, నేను నోరు తెరవకముందే అంటుంది.

"తిట్టబాకక్కా."